ఆలే అంటే అల్లం

చాచా పోయారన్న కబురు మొన్న పొద్దున ఫోన్లోనే వచ్చింది. హైదరాబాద్ దవాఖాన నుంచి ఆయన పెద్దకొడుకు చేశాడు. "అన్నా, అబ్బా గుజర్ గయే" అన్నాడు. అలవాటు కొద్దీ ఆ మాటే గట్టిగా తిరిగి అన్నాను. "హా" అన్నాడు అతను. నా నోటితో నేను అన్నాక గాని ఏం విన్నానో నాకు తెలియలేదు. సరుకు దించడానికి వచ్చిన మొగుడంపల్లి రైతులు సంచుల మీదే కూలబడ్డారు.

జహీరాబాద్ బజారులో మా ఇద్దరివీ పక్కపక్క దుకాణాలు. ఇద్దరిదీ అల్లం, ఆలుగడ్డల వ్యాపారమే. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, బజారుకంతా చాచా. మా లింగాయతుల పేర్ల చివర ఉండే ముక్క పట్టుకుని నన్ను ‘అప్పా’ అని పిలిచేవారు. పొద్దున దుకాణం తెరవగానే ఒక అల్లం కొమ్ము విరిచి, వాసన చూసి, సగం తెచ్చి నా ముందు పెట్టేవారు. "నాది గిట్లుంది. నీది ఎట్లుందో చూసుకో" అనేవారు. పోటీ దుకాణదారుకి తన సరుకు అలా చూపించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

డెబ్బైలలో మా వరసలో మొదట ఫోను పెట్టించింది ఆయనే. అంతకుముందు షోలాపూర్‌కు కార్డు ముక్క రాస్తే జవాబు వచ్చేసరికి తవ్విన అల్లం వాడిపోయేది. లారీ డ్రైవర్ల నోట కబురు పంపితే, దారిలో ఎన్ని చోట్ల చాయ్ తాగితే అన్ని రకాలుగా మారేది. ఆ నల్లటి ఫోనుకి చాచీ పూల గుడ్డతో ముసుగు కుట్టారు. కొత్త కోడలొచ్చిందని నవ్వినవాళ్లలో నేనే ముందున్నాను.

"మొహం చూడకుండ బేరమెట్ల జేస్తవ్ చాచా?" అని అడిగాను.

"జబాన్ ఇచ్చేది నోరు గద అప్పా. మొహంతోని ఏం పని?" అన్నారు.

ఆ జబానే, నోటితో ఇచ్చిన ఆ మాటే, నెల తిరక్కుండా ఆయన్ని ముంచినంత పని చేసింది. షోలాపూర్ సేఠ్ ట్రంక్ కాల్ చేశాడు. ఉత్తరాల్లో ఆయన ఎప్పుడూ ‘అద్రక్’ అనే రాసేవాడు. ఫోను పట్టుకోగానే సొంత భాష నోటికొచ్చింది. "ఒక లారీ ఆలే పాఠవా" అన్నాడు. మరాఠీలో ఆలే అంటే అల్లం, పాఠవా అంటే పంపండి. చాచాకి ఉర్దూ, తెలుగు, కన్నడం వచ్చు, మరాఠీ అంతంత మాత్రం. గరగరమనే తీగలో ఆయనకి ‘ఆలూ’ అని వినబడింది. "హా హా" అన్నారు. సాయంత్రానికల్లా నిండు లారీ ఆలుగడ్డలు సరిహద్దులోని చిరాగ్‌పల్లి దాటిపోయాయి.

మర్నాడు ఫోనులో సేఠ్ అరుపులు నా దుకాణం దాకా వినిపించాయి. ఇదే ఆఖరి సరుకు అన్నాడు. చాచా అల్లమంతా పోయేది ఆయనకే. ఆయన కాదంటే దుకాణానికి తాళమే. బజారు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ‘ఆలూ చాచా’ అని పేరు పెట్టింది నేనే. ఇవాళ ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

 చాచా కోహీర్ దాకా తిరిగి మంచి అల్లం ఏరి లారీకెత్తించి, తానే డ్రైవర్ పక్కన కూర్చుని షోలాపూర్ పోయారు. అక్కడి మార్కెట్‌లో ఆలుగడ్డలు వచ్చిన ధరకు అమ్మేసి మూడోరోజు తిరిగొచ్చారు. సేఠ్ మళ్లీ సరుకు తీసుకుంటానన్నాడు. ఇక ఫోను పీకేస్తారనుకున్నాను.

"ఫోన్ ఏం తప్పు జేసింది అప్పా? నేను హా అన్న. ఏం విన్నవని ఆయన అడగలే, ఏం విన్ననో నేను చెప్పలే. ఇగ నుంచి ఆయన చెప్పింది నేను చెప్త, నేను చెప్పింది ఆయన చెప్పాలె. తిరిగి చెప్పని మాట పక్కా కాదు."

అంతే, ఆయన కనిపెట్టింది అదొక్కటే. ఆ రోజు నుంచి ఏ బేరమైనా "అల్లం, అద్రక్, ఆలే" అని మూడు భాషల్లో అరిచి, అవతలివాళ్లతో మళ్లీ చెప్పించి గాని ఫోను పెట్టేవారు కాదు. ఏడాది తిరిగేసరికి ఆయన లారీలు బయల్దేరుతుంటే నా అల్లం కార్డు ముక్క కోసం ఎదురుచూస్తూ ఎండిపోయింది. చివరికి పౌరుషం చంపుకుని వెళ్లి ఫోను అడిగాను. ‘ఆలూ చాచా’ని గుర్తుచేయలేదు ఆయన. ముసుగు తీసి నా చేతికిచ్చి, "తిరిగి చెప్పించుడు మర్వకు" అన్నారు. నా వ్యాపారం నిలబడింది ఆ ముక్కతోనే.

తర్వాత ఒక్కొక్క దుకాణానికీ ఫోను వచ్చింది, ఆ అలవాటూ వచ్చింది. ప్రతి మాటా రెండుసార్లు అరుస్తుంటే కొత్తవాళ్లు మాది చెవిటివాళ్ల బజారు అనుకునేవారు. ఎస్టీడీ వచ్చి నేరుగా నంబరు తిప్పే రోజులొచ్చాక, ఇంకేం వింతలు చూడాలోనని నేను గొణిగాను. చాచా నవ్వారు. "రేపు తీగలకెల్లి మనిషి బొమ్మ గూడ వస్తదేమో, రానీ. ఫికర్ చెయ్యకు. ఏ మిషన్ వచ్చినా అవతల మనిషే గద ఉంటడు." ఆయన మాట మీద నాకు పూర్తి నమ్మకం. ఏ మిషనుకీ మా బజారు భయపడదు.

కబురు విన్న కాసేపటికి షోలాపూర్ సేఠ్ నంబరు తిప్పాను. ఈ పదిహేనేళ్లలో నాకూ నాలుగు మరాఠీ ముక్కలు వచ్చాయి. పోయారు అనడానికి వాళ్లు ‘గేలే’ అంటారు.

"సేఠ్, చాచా గేలే" అన్నాను.

"ఆలే?" అన్నాడు సేఠ్. ఆయన గొంతులో సంతోషం. మరాఠీలో ఆలే అంటే అల్లమే కాదు, వచ్చారు అని కూడా. చాచా దవాఖాన నుంచి ఇంటికి వచ్చేశారనుకున్నాడు.

"కాదు సేఠ్. గేలే."

ఆయన తిరిగి చెప్పాలి. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. తీగలో గరగర తప్ప ఏమీ వినబడలేదు. తిరిగి చెప్పమని నేనూ అడగలేదు.