సువార్త రవిక

తాతమ్మ పోయింది.

నిన్న పొద్దున్న అమ్మ ఫోన్ చేసి ఈ ఒక్క ముక్కే చెప్పింది. నేను గూడెంలో మా కాలేజీ హాస్టల్లో మంచం మీద కూర్చుని, మిడ్స్‌కి చదవాల్సింది పోయి, పాత చీర ముక్కలతో పౌచ్ కుట్టుకుంటున్నా. సూది వేలికి గుచ్చుకుంది. కాసేపటిదాకా అది కూడా తెలీలేదు.

నూరు దాటిన మనిషి కదే, షాక్ ఏంటి అంటారు.

నిజమే. కానీ నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది.

ఎందుకంటే నేనొక మాట ఇచ్చా.

"నేను పోయాక ట్రంకు పెట్టెలో ఉన్న ఆ రవిక నాకు నువ్వే తొడగాలమ్మాయ్" అని తాతమ్మ అడిగినప్పుడు నేను టెన్త్. ఊఁ అనేశా. ఆ వయసులో ఇంట్లో మనుషులు నిజంగా పోతారని ఎవరనుకుంటారండీ?

నా సంగతి మీ అందరికీ తెలిసిందే. బల్లి కనిపిస్తే క్లాసు ఖాళీ చేసే రకం. చావింటి వీధిలోంచి కూడా నడవను. అలాంటిది నేను...

ఆ రవిక సంగతి చెప్పాలి మీకు.

1930ల్లో తాతమ్మ ఏలూరులో మిషన్ వాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుంది. పొద్దున ప్రార్థన, పగలంతా క్లాసులు, సాయంత్రం కుట్టుపని. ఎవరి బట్టలు వాళ్ళే కుట్టుకోవాలి. చాకలికి వేసినప్పుడు కలిసిపోకుండా లోపలివైపు ఎర్రదారంతో పేరు కుట్టుకోవాలి. అది రూల్.

పక్క చాప మీద పడుకునే పిల్ల పేరు సువార్త. తాతమ్మకి ప్రాణం.

దసరా సెలవులొచ్చాయి. పరీక్షల హడావుడిలో సువార్త రవిక సగంలో ఉండిపోయింది, చేతులు ఇంకా అతకలేదు. ఉన్న ఒక్కటీ వానకి ఆరలేదు. ఆ పిల్లకేమో ఇంటి మీద బెంగ, కబురైనా పెట్టకుండా బయల్దేరిపోతానంటుంది. "నాది వేసుకెళ్ళవే, నువ్వొచ్చేసరికి నీది పూర్తిచేసి ఉంచుతా" అంది, సెలవులకి హాస్టల్లోనే ఉండిపోతున్న తాతమ్మ.

కొల్లేట్లో గాలివానకి పడవ తిరగబడింది.

నీళ్ళలో నాని మొహం గుర్తుపట్టేలా లేదట. ఒడ్డుకి చేర్చినవాళ్ళు రవిక లోపల పేరు చూశారు. దీవెనమ్మ అని ఉంది. అది మా తాతమ్మ పేరు. ఆ చుట్టుపక్కల ఏలూరులో చదివే దీవెనమ్మ ఒక్కతే. ఇంక ఉంచే వీల్లేక అక్కడే సమాధి చేసేసి, తాతమ్మ వాళ్ళ నాన్నగారికి కబురంపారు.

ఆయన కూతురి పెట్టె అయినా తెచ్చుకుందామని హాస్టల్‌కి వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తుంటే, "ఏంటి నాన్నగారూ?" అంటూ తాతమ్మే ఎదురొచ్చింది. చేతిలో సువార్త రవిక, దానికి వేలాడుతున్న సూది.

ఆయన కెవ్వుమని అరిచి వెనక్కి పడిపోయారట. దెయ్యం అనుకున్నారు పాపం.

తర్వాత పట్టుకుని ఒకటే ఏడుపు, ఒకటే సంతోషం. పోయిందనుకున్న పిల్ల బతికే ఉందని హాస్టల్లో ఉన్నవాళ్ళంతా కలిసి ప్రార్థన చేశారు.

తాతమ్మ ఒక్కతే సంతోషపడలేకపోయింది. ఆ రవిక వేసుకెళ్ళింది ఎవరో ఆవిడకి తెలుసు కదా. సువార్త హాస్టల్లోనే క్షేమంగా ఉందనుకుంటున్న వాళ్ళమ్మకి, ఎదురుగా నిలబడి చెప్పాల్సొచ్చింది కూడా ఆవిడే.

రవిక మాత్రం పూర్తి చేసింది. మాటిచ్చింది కదా. లోపల ఎర్రదారంతో సువార్త అని కుట్టి దాచింది. ఎందుకు దాచావని అడిగితే "దానిది దానికి ఇచ్చెయ్యాలి" అనేది. ఇంకేం చెప్పేది కాదు.

అప్పట్నించీ దసరా వానలు మొదలైతే చాలు, మా ఇంట్లో అందరి బట్టలకీ ఎర్రదారం పేర్లే. చెల్లి చున్నీ నేను వేసుకుంటే ఇల్లెగిరిపోయేలా కేకలు. నా ల్యాబ్ కోటు కాలర్ కింద కూడా కుట్టేసింది. క్లాసులో అందరూ నవ్వారు.

నిన్న గూడెం నుంచి ఏలూరు, అక్కణ్ణించి కైకలూరు బస్సు. ఒకటే వాన. ఉంగుటూరు దాటేసరికి అద్దంలోంచి రోడ్డే కనపడలేదు. కుర్తీ అంచు లోపల నా పేరు తడుముకుంటూ కూర్చున్నా. ఇది నా డ్రెస్సే కదా, నాదే కదా అనుకుంటూ. పక్కనున్న ఆవిడ "ఏవమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు కూడా.

ఇంటికెళ్ళేసరికి ట్రంకు తీసి ఉంది. వేపాకు వాసన. రవిక పచ్చబడిపోయింది.

నా మొహం చూసి అమ్మ, "నీ వల్ల కాదులే, మేం చూసుకుంటాం, బయటికెళ్ళు" అంది.

వెళ్ళిపోయా. గుమ్మం దాకా వెళ్ళిపోయా, నిజం.

అక్కడ నిలబడితే సువార్త వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ముందు నిలబడేనాటికి తాతమ్మ నాకంటే చిన్నపిల్ల. ఎంత భయపడి ఉంటుంది?

వెనక్కొచ్చా.

తాతమ్మ చెయ్యి ఎంత చల్లగా ఉందో! పెద్దమ్మ ఆవిడ భుజం పట్టుకుని లేపింది, నేను తొడిగా. నూరేళ్ళకి మనిషి ఎండిపోయి చిన్నపిల్లంత అయిపోయింది. సువార్త కొలతలు సరిగ్గా సరిపోయాయి. అది చూసి పెద్దమ్మ కూడా "ప్రభువా" అనుకుంది.

గుండీలు నేనే పెట్టా. ఒక్కొక్కటికీ చాలాసేపు పట్టింది. ఎర్రటి పేరు లోపల, తాతమ్మ ఒంటికి ఆనుకుని ఉండిపోయింది.

ఇవాళ కూడా వాన ఆగలేదు. నా భయమూ పోలేదు.

తాతమ్మా, సువార్త కనపడగానే దాని రవిక దానికిచ్చెయ్. నీది నువ్వు తెచ్చేసుకో.

ఇంక ఏ వానకీ ఉలిక్కిపడకుండా హాయిగా నిద్రపో.