లచ్చవ్వ బావి గట్టు

1989లో మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో బావుల నీళ్లు కొలవడం నా పని. భూగర్భజలాల ఆఫీసులో మా ఆయన ఉద్యోగం, ఆయన పోయాక నాకిచ్చారు. మూడో తరగతి చదువుకున్నాను. అంకెలు రాయడానికి అది చాలింది. బావి గట్టు పైఅంచును మెజరింగ్ పాయింట్ అంటారు. అక్కడి నుంచి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా రాయాలి.

ఆ యాసంగి పంట కాలంలో ఇంజనీరు సారు ఉపగ్రహం తీసిన ఫోటో తెచ్చారు. అందులో చెరువు నీళ్లు నల్లగా, పచ్చని పైరు ఎర్రగా కనిపిస్తాయి. ఫాల్స్ కలర్ అంటారట. ఒక ఊళ్లో లచ్చవ్వ అనే ముసలామె బావి చుట్టూ నిండా ఎరుపే, అంటే అక్కడ నీళ్లకు కొదవ లేనట్టే. నా పుస్తకంలో మాత్రం కిందటి నెల కంటే నీళ్లు మూరెడు దిగాయి.

"రాజమణీ, ఫోటో తప్పా, నీ టేపు తప్పా?" అన్నారు సారు.

నీళ్లు దిగిపోతున్న ఊళ్లో కొత్త బావికి అనుమతి ఇవ్వరు. లచ్చవ్వ చిన్న కోడలు సత్తవ్వ దరఖాస్తు మా దగ్గరే ఉంది. భర్త లేని మనిషి. చేతిలో నాలుగేళ్ల పిల్ల, నీళ్లు లేక ఎండిన చెలక చేను.

సారూ నేనూ లచ్చవ్వ బావికి వెళ్లి మళ్లీ కొలిచాం. అదే అంకె.

"గంత సేపు ఏం తొంగి చూస్తున్నవే, బంగారం పడ్డదా?" అంది లచ్చవ్వ.

"నీళ్లు దిగినయవ్వా."

"నీ మొకం! నిన్న పొద్దుగూకేదాక మోటరు నడిచింది. యాడ దిగినయ్?"

సత్తవ్వ బెదురుతూ ముందుకొచ్చింది. "అక్కా, నీళ్లు దిగలే. గట్టే పైకెక్కింది. పిల్ల కప్పల కోసం వంగుతున్నదని రెండు వరుసల రాళ్లు నేనే పేర్చిన."

సారు ఆ రాళ్లకు టేపు పెట్టి చూశారు. సరిగ్గా మూరెడు.

"ఆకాశంల నుంచి పైరు గనవడ్డది గని, ముక్కు కింది గట్టు గనవడలేదా?" అని, సారు ఫోటో సంగతి చెప్పగానే లచ్చవ్వ నన్ను దులిపేసింది.

సత్తవ్వకు నవ్వు రాలేదు. "రాళ్లు తీసేస్త సారూ, నా బావి ఆపకుండ్రి."

"ఒక్క రాయి గూడ కదిలియ్యకమ్మా. మా పుస్తకమే దిద్దుకుంటం," అన్నారు సారు.

అప్పటి నుంచి టేపు వదిలే ముందు గట్టు మీద చెయ్యి పెట్టి, గట్టు ఏమైనా మారిందా అని ఆ ఇంటివాళ్లను అడగనిదే అంకె రాయలేదు. ఫోటోకైనా టేపుకైనా తెలియనిది వాళ్లకు తెలుస్తుంది.

మరుసటి ఏడు సత్తవ్వ చెలకలో కొత్త బావి పడింది. కొలవడానికి వెళితే పిల్ల గట్టు దగ్గరే నిలబడి ఉంది. గట్టు ఆ పిల్ల తలకంటే ఎత్తు.

"ముందుగాలనే ఎత్తు కట్టిన అక్కా," అంది సత్తవ్వ. "ఇగ రాసుకో."