డి డ్రైవులో నాట్ల పాటలు

మచిలీపట్నంలో మా పక్కింటి మావయ్యగారు తన కంప్యూటర్ హార్డ్‌డిస్కుని సి, డి అని రెండు భాగాలు చేయించారు. వైరస్ వచ్చి సి పోయినా డి మిగులుతుందని, పోయిన వాళ్లమ్మ పాడిన నాట్ల పాటలు డిలో దాచుకున్నారు. ఎవరి పెన్‌డ్రైవునీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఓసారి ఆయన లోపలికి వెళ్లినప్పుడు నేను ఆ పాటలు దొంగతనంగా నా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను.

వైరస్ రాలేదు. గాలివాన రోజున కరెంటు హెచ్చుతగ్గులకి హార్డ్‌డిస్కే కాలిపోయింది, రెండు భాగాలతో సహా. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. సిగ్గు విడిచి నా పెన్‌డ్రైవు తీసుకెళ్లాను.

"దీన్ని నా కంప్యూటర్లో పెట్టావా అమ్మాయ్?"

"తప్పయిపోయింది మావయ్యగారూ."

కొత్త డిస్కు వేయించి, ముందు పెన్‌డ్రైవులో వైరస్ ఉందేమో చూశారు. నిజంగానే ఒకటి దొరికింది. దాన్ని తీసేశాక వాళ్లమ్మ గొంతు వినిపించింది. పాటలన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించుకున్నారాయన.

"నీ దగ్గరున్నవి మాత్రం చెరిపెయ్యకమ్మా" అన్నారు చివరికి.