గుర్తు చెప్పిన ఆదివారం

మల్కాజ్‌గిరిలో ఆమె ఇంటికి నేను పదకొండు ఆదివారాలు వెళ్లాను. టేపు రికార్డరు ముందు పెట్టి ఆమె జ్ఞాపకాలు పట్టుకురావడం నా పని. నేను సబ్ ఎడిటరుగా ఉన్న వారపత్రిక ప్రత్యేక సంచిక వేయబోతోంది. "తెలుగు దినపత్రికలో మొదట్లోనే రిపోర్టరుగా చేరిన ఆడమనిషి మన సికింద్రాబాదులోనే ఉంది. పెద్దపెద్దవాళ్లని దగ్గర్నుంచి చూసింది. వాళ్ల కబుర్లు రాబట్టు" అని మా ఎడిటరు పంపారు. తప్పు ఆయన మీదికి నెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఆయన అన్నది ఒక్క మాట. ఆ తర్వాత జరిగిందంతా నేను చేసిందే.

ఆమెకి అప్పటికే డెబ్బై దాటాయి. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి రెజిమెంటల్ బజార్ దగ్గర బడిపంతులుగా చేశారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. టీచరుగా రిటైరైన చెల్లెలితో ఆ ఇంట్లో ఉండేవారు. మౌలాలి నుంచి ఒకామె వచ్చి ఇంటిపని చేసి వెళ్లేది. చర్చి నుంచి తిరిగొచ్చి, చీరైనా మార్చుకోకుండా, ఆమె నా కోసం కుర్చీలో కూర్చుని ఉండేవారు.

మొదటి రోజే తనకేం కావాలో చెప్పారు.

"నేను రాసినవాటి మీద నా పేరు ఎన్నడూ పడలేదయ్యా. 'మా విలేఖరి' అని పడేది. అందరికీ అంతే అనుకో. కానీ మగవాళ్లు రాసినవేవో ఊరికి తెలుసు, ఇరానీ హోటల్లో కూర్చుని వాళ్లే చెప్పుకునేవాళ్లు. నేనెక్కడ చెప్పుకుంటాను? కత్తిరించి దాచుకున్నవి ట్రంకుపెట్టెలో చెదలు తినేశాయి. ఇప్పుడు ఏవి నావో నాకొక్కదానికే తెలుసు. పాత పేపరు ఫైళ్లు దగ్గర పెట్టుకుని, నేను చెబుతుంటే రాసుకో. నాకింకేం వద్దు."

"తప్పకుండా మేడం" అన్నాను, కొత్త క్యాసెట్ మీద కాగితం చింపుతూ. ఫైళ్ల సంగతి చివర్లో చూసుకోవచ్చనుకున్నాను.

నా రికార్డరుకి పాజ్ మీట ఒకటి ఉండేది. ఆమె ముఖ్యమంత్రుల గురించి, ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుల గురించి మాట్లాడితే టేపు తిరిగేది. తన గురించి మొదలుపెడితే మీట నొక్కేవాణ్ణి. ఆఫీసులో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టకుండా పనిచేయడం, వంటలూ ముగ్గులూ రాయమంటే మాట్లాడకుండా వెళ్లి కోర్టు వరండాలో కూర్చోవడం, ఆమె తెచ్చిన హత్యకేసు వార్తని పైవాళ్లు "నీకెవరు చెప్పారమ్మా?" అని మూడుసార్లు అడిగి, మగ రిపోర్టరుని పంపి సరిచూసుకుని అప్పుడు వేయడం. ఇవన్నీ నేను విన్నాను. ఒక్కటీ టేపు మీద లేదు.

మీట నొక్కితే టక్కుమనేది. మూడో వారానికే ఆమెకి ఆ చప్పుడు తెలిసిపోయింది. అది వినపడగానే మాట మార్చి, ఎవరో ఒక మంత్రిని తీసుకొచ్చేవారు. నేను మీట వదిలేవాణ్ణి. ముసలావిడకి నేనేదో దారి చూపిస్తున్నాననుకున్నాను.

ఒకరోజు పనామె టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది సారూ, అమ్మ మంచిగ చెప్తుంటె గా డబ్బ నోరు మూస్తున్నరు? మాకు సుత ఇనబుద్ధైతుంది."

ఆమె నవ్వారు. "ఆయన డెస్కు మనిషే. ఎవరి రాతైనా కత్తిరించకపోతే చెయ్యి ఊరుకోదు."

"కత్తిరిస్తె కత్తిరించనియ్, బట్ట మొత్తం పోతది గద!"

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఆ తర్వాత నుంచి మీటని ఆమెకి చప్పుడు వినపడకుండా మెల్లగా నొక్కడం నేర్చుకున్నాను.

పన్నెండో ఆదివారం లేదు. ఆ వారం ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. నేను ఆసుపత్రికి ఒకసారి వెళ్లి, ఐదు నిమిషాలు నిలబడి వచ్చాను. సంచిక గడువు దగ్గర పడింది. ఉన్న టేపులతో వ్యాసం రాశాను. బాగుందని అందరూ అన్నారు. నాయకుల ఫొటోలు నాలుగు వేశారు.

సంచిక పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. చెల్లెలు మంచం పక్కన కూర్చుని మొత్తం పైకి చదివారు. ఆమె కళ్లు మూసుకోకుండా చివరిదాకా విని, మొహం గోడవైపు తిప్పుకున్నారు.

చెల్లెలు నన్ను వరండాలోకి తీసుకొచ్చారు.

"ఇందులో అక్క రాసినవి ఏవేవో చెప్పలేదేం బాబూ? అవి వేరే సంచికలో వేస్తారా?"

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"నీకు చెప్పేసిందిగా! తన వార్తలన్నిట్లో ఒక గుర్తు పెట్టేదిట, డెస్కువాళ్లకి దొరక్కుండా. జబ్బు చెయ్యడానికి ముందు ఆదివారం, నువ్వెళ్లాక అంది. 'ఆ అబ్బాయికి చెప్పేశానే, టేపులోకి ఎక్కింది, ఇంక నేను పోయినా ఫర్వాలేదు' అంది."

"ఏం గుర్తండీ?" అని నా నోటివెంట వచ్చేసింది.

ఆవిడ నావైపు వింతగా చూశారు. "నాకేం తెలుసు? నేనెప్పుడూ అడగలేదు. నీకు చెప్పిందిగా."

ఇంటికొచ్చి ఆఖరి క్యాసెట్ పెట్టాను. ఎవరో మంత్రి జిల్లా పర్యటన మధ్యలో టక్. వెంటనే ఆమె గొంతు: "...అంతే. ఒక్కసారి తెలిస్తే చిన్నపిల్లలైనా పట్టేస్తారు. అర్థమైందా?"

తర్వాత నా గొంతు: "అర్థమైంది మేడం. ఆ టూరులో ఆయన మీతో ఏమన్నారు?"

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. ఆమె ఆ మాటలు చెబుతున్నప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. తల ఊపాను కూడా. ఏమి ఆలోచిస్తున్నానో జ్ఞాపకం ఉంది: ఒంటిగంట లోకల్ రైలు దొరుకుతుందా లేదా అని. ఆమె ఏం చెప్పారో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆ తర్వాత నెలల తరబడి గ్రంథాలయంలో పాత ఫైళ్ల ముందు కూర్చున్నాను. 'మా విలేఖరి' వార్తలన్నీ చదివాను. మొదటి వాక్యాలు పోల్చాను, చివరి వాక్యాలు పోల్చాను. ఒకే మాట తిరిగొచ్చిందా, ఎక్కడైనా అంకె తిరిగొచ్చిందా అని చూశాను. గుర్తు ఉందనుకుంటే ప్రతిదాంట్లోనూ ఉన్నట్టే ఉంది. చివరికి ఇరవై జిరాక్సులు తీసి ఆమె దగ్గరికి పట్టుకెళ్లాను. ఒక్కొక్కటే కళ్ల ముందు పెట్టి, "ఇది మీదేనా మేడం?" అని అడిగాను. ప్రతిదానికీ అవునన్నట్టు తల ఊపారు. ఆమె ఉద్యోగంలో చేరకముందుది ఒకటి కావాలనే అందులో పెట్టాను. దానికీ ఊపారు.

"కాఫీ కావాలా అన్నా అంతే బాబూ, వద్దా అన్నా అంతే" అన్నారు చెల్లెలు.

"జెర ఆమెను పరేషాన్ చెయ్యకుండ్రి సారూ" అంది పనామె, దుప్పటి సర్దుతూ. ఈసారి నవ్వలేదు.

చలికాలం మొదట్లో ఆమె పోయారు. జ్ఞాపకార్థ కూడికకి ముందురోజు చెల్లెలు కబురు పంపారు. "పాస్టరయ్యగారు ప్రార్థన చేశాక, అక్క రాసింది ఒకటి నువ్వు చదువు. గుర్తు తెలిసినవాడివి నువ్వేగా."

నిజం చెప్పడానికి ఒక సాయంత్రం టైముంది. చెప్పలేదు. జిరాక్సుల్లోంచి మౌలాలి రైల్వే కాలనీలో మంత్రసాని లేక గర్భిణులు పడే పాట్ల గురించి ఉన్నదాన్ని తీశాను. ఆడవాళ్ల సంగతి కాబట్టి ఆమెదే అయ్యుంటుందనుకున్నాను. కోర్టు వరండాల్లో ఏళ్లు గడిపిన మనిషిని నేను కూడా చివరికి ఆ వంటలూ ముగ్గుల వైపుకే పంపానని ఆ క్షణంలో తట్టలేదు.

చర్చిలో చదివాను. బాగానే చదివాను. వెనక వరసలో ఎవరో ఏడ్చారు. బయటికొచ్చాక చెల్లెలు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదువుకున్నారు.

"ఇది అక్కదే. చదువుతుంటే దాని గొంతే వినిపించింది. కదా బాబూ?"

"అవునండీ" అన్నాను.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి, కాగితంతోపాటు నాకిచ్చారు. "'మా విలేఖరి' అన్నచోట దాని పేరు నువ్వే రాసిపెట్టు. మంచి అక్షరాలతో రాయి."

మెట్ల పక్క గోడ మీద కాగితం ఆనించి, ఆమె పూర్తి పేరు రాసిచ్చాను.