డింగీలో నీళ్ళ వంతు

2023 వేసవి. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌లో నేను స్టాఫ్ నర్సుని. కిడ్నీలు పని మానేసినవాళ్ళ రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి పంపే చోటు అది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. అందుకని తెలుగు పేషెంట్లంతా నాకే తగులుతారు, నా నోటికి భయపడేదీ వాళ్ళే.

మా పేషెంట్లకి సూదులకన్నా దాహం పెద్ద శత్రువు. మూత్రం సరిగా రాదు కాబట్టి తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది. కాళ్ళు వాస్తాయి, ఊపిరాడదు. అందుకే ఒక్కొక్కరికీ డ్రై వెయిట్ అని ఒకటి నిర్ణయిస్తాం. అంటే, అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువు. రాగానే తూకం ఎక్కిస్తాం. "చుక్క ముట్టలేదు సిస్టర్" అని ఒట్టేసినవాడు కూడా దాని మీద దొరికిపోతాడు.

జంగ్లీఘాట్ జాలరి ఎర్రయ్య మొదట్లో ఇలాగే వచ్చినప్పుడల్లా దొరికిపోయేవాడు. నలభై దాటిన మనిషి, పని లేక ఇంట్లో కూర్చుని బిందె ఖాళీ చేసేవాడు. ఒకరోజు డాక్టర్‌గారిని బతిమాలుకున్నాడు.

"ఇంటికాడ కూకుంటే పిచ్చెక్కుతంది సార్. ఒక్కపాలి దరియాకి ఎల్లనివ్వండి."

సముద్రంలో ఇంజను దగ్గర కూర్చోవడమే తప్ప వల లాగకూడదని, ఫిస్టులా ఉన్న చేత్తో బరువెత్తకూడదని డాక్టర్‌గారు షరతు పెట్టి ఒప్పుకున్నారు. ఫిస్టులా అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపి ఆపరేషన్ చేసిన చోటు. అది పాడైతే అతని ప్రాణాధారమే పోతుంది.

డింగీలో, అంటే వాళ్ళ చిన్న ఇంజను పడవలో, అతనికి తోడు ఇద్దరు. చిన్నప్పటి నేస్తం కామేసు, బెంగాలీ బిమల్. ఎర్రయ్యను మా దగ్గరకి తీసుకొచ్చేదీ, అయ్యేదాకా బయట బెంచీ మీద కాపలా కాసేదీ వాళ్ళే. సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాక ఎర్రయ్య బరువు ఒక్కసారిగా అదుపులోకి వచ్చింది. నాకు ఎంత సంతోషమో! "ఎర్రయ్యను చూసి బుద్ధి తెచ్చుకోండి" అని మిగతా పేషెంట్లందరినీ సాధించడం మొదలుపెట్టాను.

మే నెలలో ఒకరోజు, అందరికన్నా ముందొచ్చే ఎర్రయ్య రాలేదు. ఇంతలో క్యాజువాలిటీ నుంచి ఫోన్. "మీ జంగ్లీఘాట్ పేషెంట్ వచ్చాడు, త్వరగా రండి."

పరిగెత్తాను. వరండాలో స్ట్రెచర్ ఎదురొచ్చింది. దాన్ని తోస్తున్నవాడు ఎర్రయ్య, అదీ ఫిస్టులా చేత్తో. పడుకున్నవాడు కామేసు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతున్నాడు.

"చెయ్యి తియ్యవయ్యా ముందు!" అని అరిచాను.

"నా సెయ్యి సంగతి తర్వాత దీదీ! ఈడికేటైపోతందో సూడు!"

రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది. ఒంట్లో నీరే లేదు, మూత్రం ఆగిపోయింది. సెలైన్ ఎక్కించినా మూత్రం రాకపోతే ఇతన్నీ మీ మెషీన్ ఎక్కించాల్సిందే అన్నారు డాక్టర్‌గారు. బండలాంటి మనిషి! ఏం తాగావు, ఏం మింగావు అని ఎంత అడిగినా కామేసు నోరు విప్పలేదు. చివరికి బిమల్ చెప్పాడు.

"దీదీ, డింగీ మే పానీ కోయీ అకేలా నహీ పీతా. తీనో కా బరాబర్."

డింగీలో నీళ్ళు ఒక్కడే తాగకూడదు, అందరికీ సమానంగా వంతు పడాలి. అది వాళ్ళ రివాజు. ఎర్రయ్య వంతుకి రెండు గుక్కలే కాబట్టి వీళ్ళూ రెండు గుక్కలే. మే నెల ఎండలో, రోజంతా వలలు లాగుతూ!

ఎర్రయ్య గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "ఒడ్డునే కడుపునిండా తాగొచ్చినామని సెప్పినారు కదరా! ఒట్టేసినారు కదరా!"

అప్పుడు కామేసు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "ఆడి ముందల గటగటా ఎలాగ తాగుతాం దీదీ? ముగ్గురం ఓర్సుకుంటే, బగమంతుడు సూసి ఆడి జబ్బు తగ్గించడా?"

నేను ఊరంతా చాటిన ఆ తూకం వెనక, ఇంకో ఇద్దరి గొంతులు ఎండిపోతున్నాయన్నమాట.

ఎర్రయ్య అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "ఈడు లేసేదాకా నాను మెషీన్ ఎక్కను."

భయం కోపమై నా మీదకెక్కింది. "ఒకడు నీళ్ళు మాని పడ్డాడు, నువ్వు మెషీన్ మాని పడతావా? నువ్వు పోతే వీడు ఇంత కష్టపడిందంతా బూడిదలో పోసిన పన్నీరేగా! లే!"

లేచాడు. మెషీన్ మీద ఉన్నంతసేపూ అతని కళ్ళు తలుపు మీదే. బిమల్ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ కబుర్లు మోశాడు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. ఎర్రయ్యకి సూదులు తీసే వేళకి తలుపు విసురుగా తెరుచుకుంది.

"హో గయా దీదీ! పిషాబ్ హో గయా!"

ఎర్రయ్య భోరుమన్నాడు. చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకడికి మూత్రం వచ్చిందని ఇంత పండగ చేసుకునేది మా యూనిట్‌లోనే. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను.

కామేసు కోలుకున్నాడు. కానీ రివాజు మాత్రం వదలనన్నాడు. వదిలితే సముద్రం ఊరుకోదట. అప్పుడు ఒక రాజీ కుదిర్చాను. వంతు తప్పొద్దు. అందరికన్నా ముందు ఎర్రయ్య తన వంతుగా ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటాడు. నోరు తడుస్తుంది, ఒంట్లోకి పోయే నీరు కొంచెమే. ఆ తర్వాత మిగతా ఇద్దరూ కడుపునిండా తాగాలి.

వర్షాలకి ముందు ఒక పొద్దున చేపలకని జంగ్లీఘాట్ వెళ్ళాను. వాళ్ళ డింగీ బయల్దేరుతోంది. ఎర్రయ్య ఇంజను పక్కన, ఒళ్ళో నీళ్ళ టిన్ను పెట్టుకుని కూర్చున్నాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. గ్లాసు నింపి కామేసు చేతికిచ్చాడు. వాడు సగం తాగి ఆపేశాడు.

"తాగరా. నా వంతు కూడా నువ్వే తాగాల."

కామేసు అతని మొహంలోకి చూస్తూ గ్లాసు ఖాళీ చేశాడు. ఎర్రయ్య వెంటనే మళ్ళీ నింపాడు.

అప్పటినుంచి కొత్త పేషెంటుకి నీళ్ళ సంగతి చెప్పేటప్పుడు బయట బెంచీ మీదవాళ్ళనీ లోపలికి పిలుస్తాను. "ఇతన్నే మానమన్నాను. మీరు తాగండి" అని గట్టిగా చెబుతాను. చాలామంది ఇదేం మాట అన్నట్టు నవ్వుతారు. నవ్వకుండా తల దించుకున్నవాళ్ళని మాత్రం కూర్చోబెట్టి, నా ఎదురుగా ఒక గ్లాసు తాగించి పంపిస్తాను.