ఎడమ చెయ్యి

పొద్దున్నే స్టవ్వు మీద టీ మరుగుతుండగా షెడ్డులోంచి 'టక్' మని వినిపించేది. అది వినగానే ఆవిడ మంట తగ్గించేది. ఇప్పుడా చప్పుడు లేదు. టీ పొంగి పొయ్యంతా పారితేగానీ ఆవిడ ఈ లోకంలోకి రావడం లేదు.

ఆ చప్పుడు వాళ్ల పాత బ్రిటిష్ కారుది. ఇప్పటి ఇండికేటర్ లైటుకు బదులు, మలుపు తిరగబోతే ఆ వైపు తలుపుల మధ్య కమ్మీలోంచి చిన్న చెయ్యిలాంటిది వెలుగుతూ బయటికి లేస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్ అయిన ఆవిడ భర్త రోజూ దాన్ని లేపి చూసుకునేవాడు. లేచేది కుడిది ఒక్కటే. ఎడమది ఎప్పుడో కాయిల్ కాలి, విరిగిపోయింది. అసలుది కావాలని ఆయన తిరగని తుక్కు దుకాణం లేదు. కొత్తగా చేసిన నకళ్లు దొరికినా ముట్టుకునేవాడు కాదు.

అందుకే ఎడమ మలుపు వస్తే పక్కసీట్లోంచి ఆవిడే చెయ్యి బయటపెట్టేది.

"ఎండకి చెయ్యంతా మాడిపోయింది. నేనేమన్నా మీ బండికి స్పేర్ పార్టునా?"

"స్పేరేంటే, ఒరిజినల్‌వి! నీకు నకలు కూడా దొరకదు."

ఆయన పోయిన కొన్నాళ్లకు, తుక్కు దుకాణం ముసలాయన కాగితంలో చుట్టిన వస్తువొకటి తెచ్చాడు. తండ్రి దగ్గరే పని నేర్చిన కూతురు వంటింట్లోకే బ్యాటరీ తెచ్చి దాన్ని తగిలించింది.

టక్.

ఆరిపోయి ఉన్న స్టవ్వు వైపు ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్లింది.

"అమ్మా, నాన్న వెతికింది ఇదే! ఎప్పుడు దొరికింది బాబాయ్?"

ముసలాయన ఆవిడకేసి ఓసారి చూసి చెప్పాడు. "చాలాకాలమైంది తల్లీ. మీ నాన్న చూశాడు కూడా. 'నీ దగ్గరే దాచు. ఇది బిగిస్తే మా ఆవిడ బండెక్కదు. అసలే మోకాళ్ల నొప్పులని వంక పెడుతుంది' అన్నాడు."

"మరి ఆ తర్వాత కూడా ఊరంతా ఎందుకు తిరిగాడు?"

"తిరక్కపోతే మీ అమ్మ పసిగట్టదూ!"

"దొంగ మనిషి," అంది ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కూతురు స్క్రూడ్రైవరు తీసింది. "రెండు స్క్రూలే అమ్మా, చిటికెలో పని. నాన్న ఆశ కదా."

అది బిగిస్తే ఇక ఆవిడ చేతితో పనిలేదు.

"ఆయన ఆశేంటో ఇప్పుడేగా విన్నావు. స్క్రూలెక్కడికీ పోవు, ముందు బండి తియ్యి."

ఆ వస్తువును మెత్తటి గుడ్డలో చుట్టి కారు అరలో పెట్టి, ఎడమ సీట్లో కూర్చుని ఆవిడ కిటికీ అద్దం పూర్తిగా దించింది.

"వీధి చివర ఎడమకి తిప్పు."