సుగుణమ్మ టీచర్ గీసిన పెన్సిల్ గీత

ఇరవై ఏళ్ళుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నానంటే మీరు నన్నెరగరు కాబట్టి. వినడానికి చిన్న విషయమే. ఎవరి ప్రాణమూ పోలేదు. నన్ను నమ్మిన ఒక పెద్దావిడను పదిమందిలో నవ్వులపాలు చేశాను, ఆ తర్వాత ఆవిడ మొహం చూస్తూ అబద్ధం చెప్పాను. అంతే. అంతేనా? అంతే అయితే ఇన్నేళ్ళు ఎందుకు మోశాను?

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అద్దంకి దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. ఇరవై ఆరేళ్ళు. తోటి ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయి తలో ఊరూ వెళ్ళిపోయారు. కాలేజీలో మగవాళ్ళకు నేను రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునే మనిషిని, అంతకుమించి ఏమీ కాదు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అలాంటప్పుడు ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో లైనక్స్ దొరికింది, విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపేది, ఊరికే ఇచ్చేది. ఎక్కించడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఒకసారి మౌస్ కదల్లేదు, ఒకసారి తెరంతా నల్లగా ఉండిపోయింది, శబ్దమైతే చివరికీ రాలేదు. అయినా నేనే ఎక్కించానన్న పొగరు మాత్రం బాగా వచ్చింది.

లైనక్స్ వాడేవాళ్ళకు ఒక మెయిలింగ్ లిస్టు ఉండేది. ఒకరు రాసిన ఉత్తరం అందరికీ చేరుతుంది, ఎవరైనా జవాబు రాయొచ్చు. అందులో ఒక మారుపేరుతో చేరాను. ఆ పేరు చూస్తే ఎవరైనా మగవాడనే అనుకుంటారు. అలా అనుకోవాలనే పెట్టుకున్నాను. ఆరు నెలల్లో అక్కడ నన్ను 'గురూ' అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు కోసం పొద్దున్నే ల్యాబ్ తాళం తీసేదాన్ని.

వాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. రాత్రింబవళ్ళు కష్టపడి తయారుచేసింది ఊరికే ఇచ్చేవాళ్ళు. కానీ కొత్తవాడెవడైనా ప్రింటర్ పనిచేయడం లేదంటే చాలు, 'మాన్యువల్ చదివావా?', 'పాత ఉత్తరాలు వెతికావా?', 'అసలా ప్రింటర్ కొనమని నీకెవడు చెప్పాడు?' అని తగులుకునేవాళ్ళు. తప్పు లైనక్స్‌ది అయ్యేదే కాదు. వాడలేనివాడిదే. నేనూ అలాగే రాయడం నేర్చుకున్నాను. తొందరగానే నేర్చుకున్నాను.

సుగుణమ్మ టీచర్ నాకు మూడో తరగతిలో అక్షరాలు దిద్దించినావిడ. ఆవిడ భర్త పాస్టరు గారు అప్పటికి కొద్ది నెలల క్రితమే పోయారు. మిరపకాయలు కోసే ఆడవాళ్ళు చేలో పాడుకునే బాణీల్లో ఆయన నలభై పాటలు కట్టారు. వాటిని ఏడాదికి జరిగే జ్ఞాపకార్థ కూడికలో పుస్తకంగా పంచాలని టీచర్ కోరిక. మేనల్లుడు పంపిన పాత కంప్యూటర్లో ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పదకొండు పాటలు కొట్టారు. తెలుగు శుభ్రంగానే వచ్చేది, ప్రింటూ శుభ్రంగానే వచ్చేది. ఆ విండోస్‌తో ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది నాకు. ఒకరినైనా లైనక్స్‌లోకి మార్చానని లిస్టులో చెప్పుకోవాలి.

"టీచర్, ఇది కాపీ కొట్టిన విండోస్. దొంగ సొత్తే కదా," అన్నాను.

ఆవిడ చెయ్యి టక్కున కీబోర్డు మీంచి తీసేశారు. "అయ్యో, నాకు తెలీదమ్మా. దొంగ సొత్తుతో దేవుడి పాటలు రాయకూడదు. తీసెయ్."

ఆవిడ భక్తిని అలా వాడుకున్నాను. తీసేశాను. లైనక్స్ ఎక్కించాను. తెలుగు వస్తుందని మాటిచ్చాను. రాలేదు. 'ప్రభువు' అని కొడితే రావత్తు విడిపోయి ఎక్కడో దూరంగా కూర్చునేది. ఫ్లాపీలో దాచిన పదకొండు పాటలూ తెరిస్తే పిచ్చిగీతలు. ప్రింటర్ ఉలకదు, పలకదు. మోడెమ్ కూడా పనిచేయక ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. నెల రోజులు తిరిగాను, నావల్ల కాలేదు. డబ్బిచ్చి కొన్న విండోస్ సీడీ ల్యాబ్ బీరువాలో ఉంది. ప్రిన్సిపాల్‌ని అడిగితే ఆ వృద్ధురాలి కోసం కాదనేవారు కాదు. ఒక్క పూట పని. అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టు. పోనీ లిస్టులో అడగొచ్చుగా? గురువుకి తెలుగు రాయించడం రాదని తెలిసిపోదూ?

అందుకని ఆవిడనే రాయమన్నాను. "చాలా మంచివాళ్ళు టీచర్, చెప్తారు," అన్నాను. ఆవిడ నెట్ సెంటర్‌కు వెళ్ళి, అక్కడి విండోస్ మీద కూర్చుని, లైనక్స్ గురించి తనకొచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. సహోదరులందరికీ వందనాలతో మొదలుపెట్టి, పాటల సంగతి చెప్పి, అందరి ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తున్నానని ముగించారు. తెలిసిన అమ్మాయి ఒకరు లైనక్స్ ఎక్కించారని కూడా రాశారు.

జవాబులు ఎలా వచ్చాయో మీరు ఊహించగలరు. ప్రార్థనతోనే ప్రింటర్ బాగుచేసుకోమన్నాడు ఒకడు. ఆ ఎక్కించిన తెలివితక్కువ అమ్మాయి ఎవరని అడిగాడు ఇంకొకడు. ఆ అమ్మాయిని నేనేనని బయటపడకూడదు. మాట మళ్ళించాలి. వెంటనే నేనూ రాశాను, అందరికంటే పదునుగా. చాక్‌పీసు తప్ప ఎరగని వేళ్ళకు కంప్యూటర్ ఎందుకండీ, ఒక పలక కొనుక్కోండి అని. లిస్టంతా విరగబడి నవ్వింది. గురువంటే గురువే అన్నారు. నాకు సంతోషమేసింది. భయపడి రాశానని చెప్పుకుని తప్పించుకోలేను, ఆ సాయంత్రమంతా నాకు నిజంగా సంతోషంగానే ఉంది.

రెండు రోజుల తర్వాత టీచర్ ల్యాబ్‌కు వచ్చారు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులు. దారంతా ఘాటు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ వచ్చారు. జవాబులన్నీ కాగితం మీద ప్రింటు తీయించి తెచ్చారు. నాలుగు మడతలు పెట్టి ఉంది.

"మన లైనక్స్ అన్నయ్యలు రాశారమ్మా. నా ఇంగ్లీషుకి సరిగా అందట్లా. ఏమంటున్నారు?"

కాగితం అందుకున్నాను. విప్పలేదు. "నేనూ చూశాను టీచర్. కనుక్కుంటున్నామంటున్నారు. కొంచెం టైం పడుతుందంట."

"అందరూనా?"

"అందరూ."

"ఆ చివర్న రాసినాయన?"

అది నేను. "ఆయనా అంతే టీచర్."

కుర్చీ చూపించినా కూర్చోలేదు. నా పక్కనే నిలబడి చాలాసేపు నా మొహంకేసి చూశారు. నేను కీబోర్డు కేసి చూశాను. చివరికి, "సరేనమ్మా. పనులు మానుకుని రాశారు పాపం. వాళ్ళకి థ్యాంక్స్ చెప్పాలి. ఆ కాగితం నీ దగ్గరే ఉంచు, తీరిగ్గా చదువుకో," అని వెళ్ళిపోయారు.

థ్యాంక్స్ చెబుతూ ఉత్తరం రాశారు. దానికీ నవ్వారు.

ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు. నలభై పాటలూ చేత్తో రాసి, జిరాక్స్ తీయించి, దారంతో కుట్టారు. కూడికలో నాకూ ఒకటి ఇచ్చారు. మొదటి పేజీలో వందనాలున్నాయి. అందులో 'కంప్యూటర్ విషయంలో శ్రమపడిన నా విద్యార్థిని' అని నా పేరు. ఒకాయన దాన్ని పైకి చదివాడు. చాప మీద కూర్చున్నవాళ్ళంతా నావైపు తిరిగి చూశారు. ఒకావిడ నా భుజం తట్టింది. భోజనాలకు ఆగకుండా వచ్చేశాను.

లిస్టుకు మాత్రం రాస్తూనే ఉన్నాను, ఇంకో రెండేళ్ళు. నాకు వేరే ఎవరున్నారు?

టీచర్ పోయి నాలుగేళ్ళు. ఆ వార్త విన్న రోజున, ఒక పాత మాన్యువల్లో దాచిన ఆ కాగితాన్ని తీసి మొదటిసారి విప్పాను. ఇంగ్లీషు మాటల మీద సన్నటి పెన్సిల్‌తో తెలుగు అర్థాలున్నాయి. నిఘంటువు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా వెతుక్కున్నారు. అంటే ఆ రోజు నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆవిడకు అంతా తెలుసు.

నా జవాబు మీద మాత్రం అర్థాలేవీ రాయలేదు. చాక్‌పీసు అన్నచోట కింద ఒక గీత గీశారు. ఆవిడ లిస్టుకు రాసిన ఉత్తరం గుర్తు చేసుకున్నాను, మొదటి మాట నుంచి చివరిదాకా. తాను టీచర్‌నని అందులో ఎక్కడా రాయలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని ఆ లిస్టులో నేనొక్కదాన్నే.

మూడో తరగతిలో నా పలక మీద తప్పు కనబడితే ఆవిడ కొట్టేసేవారు కాదు. కింద గీత గీసి, పలక నా చేతికిచ్చి, నేను దిద్దుకునేదాకా పక్కనే నిలబడేవారు. ఆ రోజు ల్యాబ్‌లో కూడా నిలబడ్డారు.

దిద్దుకోలేదు. ఇప్పుడు దిద్దుదామన్నా చూసేందుకు ఆవిడ లేరు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, మీరు క్షమించేదీ కాదు. పలక కొనుక్కోమని రాసింది నేనే టీచర్. ఈ ఒక్క వాక్యం రాశాక, చేయి కాస్త తేలికపడింది.